పదిహేడు గంటల ప్రయాణం, ఎనిమిది గంటల ప్రార్థన

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. అందుకు నా చదువు కాదు, నా విశ్వాసమే కారణం. చనిపోయినవాళ్ళు ఎక్కడ ఉంటారో, వాళ్ళకూ మనకూ మధ్య ఎంత అగాధం ఉందో లేఖనాలు స్పష్టంగానే చెబుతాయి. సండే స్కూల్లో పిల్లలకు ఎన్నో ఏళ్ళుగా అదే చెబుతున్నాను. చీకట్లో తెల్లచీర కనబడిందని ఏ పిల్లాడైనా అంటే మందలించి, పక్కన మోకరింపజేసి, ప్రార్థన చేయించి ఇంటికి పంపేదాన్ని.

పైగా నేను ఇప్పుడు రాయబోయే దాంట్లో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ బతికే ఉన్నారు. జరిగింది కూడా పట్టపగలు. అందుకే ఇది దేని కిందకి వస్తుందో నాకు తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విజయవాడ గుణదల. కొండ వైపు కాదు, కాలువ వైపు దిగే సందుల్లో ఒక డాబా ఇంట్లో పై వాటా. మా ఆయన పేరు ప్రసాద్. ఆయనది గుడివాడ దగ్గర పల్లెటూరు, పాడి ఉన్న కుటుంబం. ఇక్కడ పాలకేంద్రంలో పనిచేసేవారు. నాలుగేళ్ళ కిందట తెలిసినవాళ్ళ ద్వారా న్యూజిలాండ్‌లో ఒక డెయిరీ ఫారంలో పని దొరికి వెళ్ళారు. వెళ్ళిన కొత్తల్లో ఫోన్ చేసి, "ఇక్కడ గేదె అన్నదే లేదు కరుణా, ఎటు చూసినా ఆవులే. పెరుగు తింటుంటే నీళ్ళు నమిలినట్టుంది" అన్నారు. నేను నవ్వాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

రెండేళ్ళకు వస్తానన్నారు. అక్కడ ఉండటానికి కావలసిన కాగితాలు తేలకుండా దేశం దాటితే మళ్ళీ రానివ్వరేమోనని ఆగారు. అలా ఆగుతూనే నాలుగేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. ఆయన పడుకునే వేళకు నాకు సాయంత్రం టీ వేళ. అక్కడ ఆరున్నర గంటలు ముందు. ఆ తేడా గడియారం చూడకుండానే నాకు తెలిసేది.

వీడియో కాల్లో మనిషి కనబడతాడు గానీ చూపు కలవదు. దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడే ఎవరికైనా ఇది తెలిసే ఉంటుంది. ఆయన తెర మీద నా మొహాన్ని చూస్తారు, నేను తెర మీద ఆయన మొహాన్ని చూస్తాను. ఇద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం కాకుండా కొంచెం కిందికి చూసుకుంటూ మాట్లాడుకుంటాం. నాలుగేళ్ళు అలాగే మాట్లాడుకున్నాం.

పోయిన ఏడాది పాలు పితికే షెడ్డులో ఒక ఆవు బెదిరి, ఆయన కాలును ఇనప కమ్మీకేసి నొక్కేసింది. ఎముక విరిగింది. అది అతుక్కుంటూ ఉండగా అదే కాలి నరంలో రక్తం గడ్డ కట్టింది. నెలల తరబడి మందులు వాడారు. ఇక కాగితాల కోసం ఆగకుండా ఇంటికి వచ్చేద్దామనుకున్నారు. చివరికి డాక్టరు ప్రయాణం చేయవచ్చన్నారు గానీ ఒక షరతు పెట్టారు. విమానంలో గంటకోసారి లేచి నడవాలి. కాలు కదపకుండా గంటల తరబడి కూర్చుంటే మళ్ళీ గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆకాశంలో ఎవరూ ఏమీ చేయలేరు.

ఆయనది ఒంటరి ప్రయాణం. నిద్రపడితే లేపే మనిషి పక్కన ఉండడు. ఫోన్లో అలారం పెట్టుకుంటానన్నారు. నాకు ఆ మాట చాలలేదు. సంఘానికి చెప్పాను.

మా సంఘం చిన్నది. మందిరం ఇంకా తాటాకు పాకగా ఉన్న రోజుల నుంచి మాలో ఒక అలవాటు ఉంది. ఎవరికైనా ఆపద వస్తే గొలుసు ప్రార్థన పెట్టుకుంటాం. తలా ఒక గంట. ఆ గంటలు మారేటప్పుడు ఒక తుంగచాప ఇంటింటికీ నడుస్తుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళు తమ ఇంట్లో ఆ చాప పరిచి, దానిమీద మోకరించి ప్రార్థిస్తారు. వంతు అయ్యాక చాప చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళి, తర్వాతి ఇంటి తలుపు తట్టి, "అందుకోండి" అని చేతికిస్తారు. అంతే. మంచిచెడ్డలు మాట్లాడకూడదు, లోపలికి వెళ్ళి కూర్చోకూడదు.

ఫోన్లు వచ్చాక మెసేజీ పెట్టుకుంటే పోలా అని కొందరు అడిగారు. మా సంఘపెద్ద బెంజిమన్ గారు ఒప్పుకోలేదు. "మెసేజీ చూసినోడు బొటనవేలు చూపించి మళ్ళీ పడుకుంటాడు. చాపైతే లేచొచ్చి తలుపు తియ్యాలి" అన్నారు.

బెంజిమన్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. గొలుసు వంతులు వేసేది ఆయనే. మా ఆయన టికెట్ వివరాలు చెప్పమంటే చెప్పాను. అక్కడ ఆక్లాండ్‌లో పొద్దున ఆరింటికి విమానం. దోహాలో మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. అక్కడి నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి గన్నవరం.

"అక్కడ ఆరంటే మనకెంతమ్మా?"

"రాత్రి పదకొండున్నరండి."

"బాగానే ఉంది. ఆరుకి బయల్దేరి రెండుకి చేరిక. అంటే ఎనిమిది గంటల రన్నింగు. మనకి పదకొండున్నర నుంచి పొద్దున ఏడున్నర. ఎనిమిది ఇళ్ళు చాలు."

పాస్టరుగారి భార్యను మేం పాస్టరమ్మగారు అంటాం. ఆవిడ అక్కడే ఉన్నారు. "న్యూజిలాండ్ అంటే భూమికి అంచున ఉంటుందంటారు, ఎనిమిది గంటల్లో వచ్చేస్తుందాండీ? మా పుట్టింటికి పోయే బస్సుకే అంత పడుతుంది" అన్నారు.

"అది విమానం పాస్టరమ్మగారూ. మీ బస్సులాగా ప్రతి సెంటర్లో ఆగి పల్లీలు కొనుక్కోదు."

అందరం నవ్వాం. రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా చేసిన మనిషి లెక్క. రైలు ఎక్కడ ఎక్కినా ఎక్కడ దిగినా దేశమంతా ఒకటే గడియారం. దోహా గడియారం వేరుగా ఉంటుందని ఆయనకు తట్టలేదు. రోజూ ఆరున్నర గంటల తేడా లెక్క కట్టుకుని బతికిన నాకూ తట్టలేదు. నా మనసులో ఉన్నవి రెండే ఊళ్ళు, ఆయన ఉన్నదీ నేను ఉన్నదీ.

ప్రయాణం రోజు రాత్రి మా ఆయన ఆక్లాండ్‌లో విమానం గేటు దగ్గర నుంచి ఫోన్ చేశారు. "ఎక్కుతున్నా. కాలు బాగానే ఉంది. ఏడవకు" అన్నారు. చాప మొదటి ఇంటికి వెళ్ళింది. ఎండాకాలం, కరెంటు కూడా పోయింది. అయినా ఎవరూ వంతు తప్పలేదు. చివరి వంతు నాది. తెల్లవారాక చాప నా దగ్గరికి వచ్చింది. నా గంట పూర్తయ్యేసరికి పాస్టరమ్మగారూ, బెంజిమన్ గారూ ముగింపు స్తుతి ప్రార్థనకు మా ఇంటికి వచ్చారు. ప్రార్థన అయింది. చాప చుట్టి వీధి తలుపు పక్కన గోడకు ఆనించి నిలబెట్టాను. ఇది ముగ్గురం చూశాం.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. ముందు గది, దాని వెనక పడకగది, పక్కన వంటగది. వెనక తలుపు లేదు. కిందికి దిగాలంటే ముందు గదిలో నుంచి వరండాలోకి వచ్చి మెట్లు దిగాలి. ఆ మెట్లు ఒక్కటే దారి. మేం ముగ్గురం ముందు గదిలో తలుపుకు ఎదురుగా కూర్చున్నాం. నేను ఒకసారి వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టి, ఉప్మా చేశాను. అక్కడ ఉన్నంతసేపూ పాస్టరమ్మగారు గడపలో నిలబడి నాతో మాట్లాడుతూనే ఉన్నారు. బెంజిమన్ గారు ముందు గది నుంచి కదల్లేదు.

దోహాలో దిగగానే అక్కడి ఎయిర్‌పోర్టులో వైఫై పట్టుకుని ఫోన్ చేస్తానని మా ఆయన అన్నారు. ఎనిమిది దాటింది. ఫోన్ రాలేదు. తొమ్మిది దాటింది. నేను చేస్తే స్విచాఫ్.

"బండ్లు లేటవవా అమ్మా? సిగ్నల్ ఇవ్వకపోతే స్టేషన్ బయట అవుటర్లో నిలబెట్టేస్తారు" అన్నారు బెంజిమన్ గారు.

"గాల్లో అవుటరెక్కడిదండీ" అన్నారు పాస్టరమ్మగారు. కానీ ఆవిడ గొంతులో నవ్వు లేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఎవరైనా ఏదో ఒకటి చెబితే బాగుండునని ఆ రెండున్నర మూడు గంటలు నేను పడ్డ బాధ రాయడం నా వల్ల కాదు. కాల్లో కట్టే గడ్డ ఎంత ఉంటుందో, అది ఎంత దూరం నడవాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. చివరికి పదిన్నర ప్రాంతంలో ఫోన్ తీసి, రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి, మధ్య దూరమెంత అని వెతికాను. తెర మీద వచ్చింది. దూరం దాదాపు పద్నాలుగున్నర వేల కిలోమీటర్లు. ప్రయాణ సమయం సుమారు పదిహేడు గంటలు. ఆగకుండా.

పైకి చదివాను. బెంజిమన్ గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పదిహేడా?"

"అవునండి."

"మధ్యలో ఎక్కడా ఆగదా? నీళ్ళు పట్టుకోవడానికి కూడా?"

"ఆగదండి."

 ఆయన వేళ్ళ మీద లెక్క వేశారు. దోహా టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. విమానం అక్కడ దిగేది మన సాయంత్రం నాలుగున్నరకు. "అమ్మా, నేను సగం దారిలోనే బండి చేరిపోయిందని జెండా ఊపేశాను" అన్నారు. 

రాత్రంతా కాపలా కాశాం. పగలు గాలికి వదిలేశాం. మొదటి ఎనిమిది గంటలు ఎవరైనా మెలకువగా ఉండగలరు. నిద్ర ముంచుకొచ్చేది ఆ తర్వాతే. సరిగ్గా ఆ వేళకే మేం గొలుసు తెంపేసి ఉప్మా తిన్నాం. మూడు గంటలు ఎవరూ ప్రార్థించకుండా గడిచిపోయాయి. ఇంకా ఆరు గంటల దారి ఉంది.

మళ్ళీ మొదలుపెడదామని చాప కోసం లేచాను. తలుపు పక్కన చాప లేదు.

పాస్టరమ్మగారు మంచం కింద చూశారు. నేను వరండా చూశాను. "ఇక్కడే కదమ్మా నిలబెట్టావు, నేను చూశాను" అంటున్నారు ఆవిడ. మా ముగ్గురి ఎదురుగానే ఉన్న తలుపు. అందులో నుంచి ఎవరూ లోపలికి రాలేదు, ఎవరూ బయటికి పోలేదు.

చాప లేకపోయినా ప్రార్థన ఆగదు కదా అని, దగ్గరి ఇల్లు సువార్తమ్మగారిది కాబట్టి అక్కడికి వెళ్ళాం. ఆవిడ బట్టలు కుడతారు. రాత్రి రెండో వంతు ఆవిడదే. మేం వెళ్ళేసరికి మిషను దగ్గర ఉన్నారు. లెక్క తప్పిందని, మళ్ళీ ఒక గంట అందుకోవాలని చెప్పాను. ఆవిడ నా వైపు వింతగా చూశారు.

"అందుకున్నాను కదా టీచరుగారూ. నాది అయిపోయి రత్నకుమారికి కూడా ఇచ్చేశాను."

"ఏం ఇచ్చారు?"

"చాప. మీరు తెచ్చిచ్చిందే."

"నేనెప్పుడు తెచ్చాను?"

"అదేంటండీ. ఏడున్నర దాటాక తలుపు కొట్టింది మీరు కాదా? ఇంకా తొమ్మిది గంటలు ఉంది సువార్తమ్మగారూ, అందుకోండి అన్నారు. చెప్పులు కూడా లేవు మీ కాళ్ళకి. రాత్రంతా నిద్రలేదు, ఒక్క నిమిషం కూర్చోండి, కాఫీ ఇస్తాను అంటే, కూర్చోలేను అని వెళ్ళిపోయారు."

పాస్టరమ్మగారు మధ్యలోకి వచ్చి, "ఈ పిల్ల పొద్దుట్నుంచీ మా కళ్ళెదురుగా ఉంది సువార్తమ్మా" అన్నారు.

"మరి నాకు ఇచ్చిందెవరు? మా కోడలూ చూసింది. ఏమే, చూశావా లేదా?"

ఆవిడ కోడలు లోపలి నుంచి, "చూశానత్తయ్యా. టీచరుగారు బాగా నీరసంగా ఉన్నారని నేననలా?" అంది.

 నేను చాప ఇచ్చానంటున్న వేళకు తొమ్మిది గంటలన్న మాట నాకే తెలియదు. ఏడున్నరకు ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకు తెలిసి కొన్ని నిమిషాలే అయింది.

రత్నకుమారి ఇంటికి వెళ్ళాం. ఆవిడ తన గంట పూర్తి చేసి యాకోబుకు ఇచ్చానంది. యాకోబు ఆటో నడుపుతాడు. వాళ్ళ ఇంటి ముందు ఆటో నిలబెట్టి ఉంది. తలుపు తీసే ఉంది. లోపల మా చాప, దానిమీద యాకోబు మోకరించి ఉన్నాడు. ఖాకీ చొక్కా కూడా విప్పలేదు. కళ్ళు మూసుకుని మా ఆయన పేరు పెట్టి ప్రార్థిస్తున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. బెంజిమన్ గారు నా భుజం తట్టి, గొంతు తగ్గించి, "గొలుసు తెగలేదమ్మా. ఎవరు కలిపారో తర్వాత చూద్దాం. ముందు నడవనిద్దాం" అన్నారు. అక్కడే గడప దగ్గర నిలబడి మిగిలిన వంతులు వేశారు.

ఆ రోజు చాప అలా పగలంతా నడిచింది. మధ్యాహ్నం నేను డాబా మీదికి ఎక్కి దక్షిణం వైపు చూశాను. ఫోన్లో దారి చూశాను కాబట్టి తెలుసు. ఆ విమానం ఆస్ట్రేలియా దాటి, సముద్రం మీదుగా లంక వైపు వచ్చి, అక్కడి నుంచి ఇంకా పడమరకు పోతుంది. అంటే ఆయన మాకు దగ్గరగా వస్తారు, దగ్గరగా వచ్చి మమ్మల్ని దాటిపోతారు. దాటి అంత దూరం వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి రావాలి. నాలుగేళ్ళు లేని తొందర ఆ గంటలో వచ్చింది నాకు. ఆకాశంలో ఏమీ కనబడలేదు. కనబడుతుందని అనుకోనూ లేదు. అయినా ఎండలో చాలాసేపు నిలబడ్డాను.

చివరి వంతు మళ్ళీ నేనే తీసుకున్నాను. చాప మీద నుంచి లేచేసరికి పాదాలు రెండూ వాచి ఉన్నాయి. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడింది. నాకు ఎప్పుడూ అలా కాలేదు. రాత్రంతా నిద్రలేక, పగలంతా తిరిగి, మోకాళ్ళ మీద ఉండటం వల్ల అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకోవాలని చూస్తాను.

నాలుగున్నర దాటాక ఫోన్ మోగింది. "దిగాను" అన్నారు. వెనక నుంచి ఏదో అనౌన్స్‌మెంట్ వినిపిస్తోంది. "కాలెలా ఉంది?" అన్నాను. "బాగుంది. గంటగంటకీ నడిచాను. ఫోన్ ఇప్పుడే చార్జింగ్ పెట్టాను, తర్వాత చేస్తాను" అని పెట్టేశారు. పాస్టరమ్మగారు అక్కడికక్కడే పాట ఎత్తుకున్నారు. బెంజిమన్ గారు చాప చేత్తో నిమిరి, చుట్టి, తనే మందిరానికి తీసుకెళ్ళారు.

పాస్టరుగారికి చెప్పాం. ఆయన సువార్తమ్మగారిని, ఆవిడ కోడలిని, పాస్టరమ్మగారిని, బెంజిమన్ గారిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. ఎవరి మాటా మారలేదు. సువార్తమ్మగారు రాత్రి నిద్రలేక ఎవరినో చూసి నేననుకున్నారు అనుకుందాం. మరి చాప మా తలుపు దగ్గర నుంచి ఎలా వెళ్ళింది? ఎవరో మాకు కనబడకుండా తీసుకెళ్ళారు అనుకుందాం. వాళ్ళకు తొమ్మిది గంటల సంగతి ఎలా తెలిసింది? ఒక దానికి జవాబు దొరికితే రెండోది దొరకడం లేదు.

శరీరంతో దూరంగా ఉండి ఆత్మతో దగ్గరగా ఉండటం గురించి లేఖనాల్లో ఉంది. ఒక దారిలో ఉన్న సేవకుడు క్షణంలో వేరే ఊళ్ళో కనబడిన సంగతీ ఉంది. అవి నేను పిల్లలకు చెప్పినవే. మొదటిది ప్రేమగా తలుచుకోవడం, రెండోది దేవుని శక్తి అని చెప్పి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. కానీ ఆ సేవకుడికి తాను కదిలినట్టు తెలుసు. నాకు ఏమీ తెలియదు. నేను కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉన్నాను. అందుకే దీన్ని నా గొప్పగా చెప్పుకోలేను. పాస్టరుగారు కూడా, "చాప గురించి సాక్ష్యం చెప్పండి. మిగతాది మనకు అప్పగించని సంగతి, మాట్లాడవద్దు" అన్నారు. అలాగే చేశాం. మా ఆయనకు ఎవరూ ఏమీ చెప్పకూడదని కూడా అనుకున్నాం. చెప్పలేదని అందరినీ అడిగి నిర్ధారించుకున్నాను.

మర్నాడు ఉదయం యాకోబు ఆటోలో గన్నవరం వెళ్ళాను. నాతో ఇంకెవరినీ రావద్దన్నాను. లోపలి నుంచి జనం వస్తున్నారు. నాలుగేళ్ళుగా ఈ ఘడియను ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో చెప్పలేను. ఆయన నన్ను చూస్తారు, ఆగిపోతారు. తెర లేకుండా, కిందికి కాకుండా, నా కళ్ళలోకి చూస్తారు. అంతవరకే ఊహించేదాన్ని. ఆ తర్వాతది నాకు అక్కర్లేదు.

ఆయన చేతికర్ర పట్టుకుని, బాగా చిక్కిపోయి వచ్చారు. నన్ను చూశారు. ఆగలేదు. మామూలుగా నవ్వి, సంచి నా చేతికిచ్చి, "కాసేపైనా పడుకున్నావా?" అన్నారు. కూరలకు వెళ్ళి వచ్చిన మనిషి అడిగినట్టు అడిగారు. నేను ఏడుస్తుంటే కొంచెం ఆశ్చర్యంగా చూసి, "ఇంకా ఎందుకూ" అన్నారు. ఆటోలో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయారు. ఎనికేపాడు దాటేవరకూ ఆయన శ్వాస వింటూ కూర్చున్నాను. మనిషి దక్కాడు, అంతకన్నా ఏం కావాలి అని దేవుణ్ణి స్తుతించాను. నిజంగానే స్తుతించాను. కానీ మనసులో ఏదో ఒక చోట ఖాళీగా ఉంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఆయన కాలికి నేను నూనె రాస్తుంటే ఆయనే మొదలుపెట్టారు.

"ఎనిమిది గంటల దాకా నా అంతట నేనే లేచాను కరుణా. తర్వాత ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. కళ్ళు ఎంత తెరిచినా మూసుకుపోయేవి. నువ్వు రాకపోతే లేచేవాణ్ణి కాదు."

నా చెయ్యి ఆగిపోయింది. "నేనా?" అన్నాను.

"మోకాలి మీద తట్టి లేపావు కదా. కలేమో అనుకున్నాను మొదటిసారి. లేచి వెనక దాకా నడిచి వచ్చాను, నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు. పక్క సీటు ఖాళీయే. కూర్చోమన్నాను. కూర్చోలేను అన్నావు. అలా గంటగంటకీ లేపావు, దిగేదాకా. ఇదంతా నీకు తెలియదా?"

మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టాను. అబద్ధం చెప్పడం నాకు రాదు. నిజమేమిటో నాకు తెలియదు.

ఆయన కాలు చాచి, నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. మొదటిసారి నన్ను గుర్తుపట్టి, సీటు పట్టుకుని నిలబడిపోయారట. అంత దగ్గర నుంచి నా కళ్ళను చూసి నాలుగేళ్ళయిందని అప్పుడే తెలిసిందట. నా జుట్టులో నెరిసిన వెంట్రుకలు వీడియోలో ఎప్పుడూ కనబడలేదట. చిన్నపిల్లాడిలా ఏడ్చారట. అవతలి వరసలో ఎవరో ముసలాయన మంచినీళ్ళ సీసా ఇచ్చి వీపు నిమిరాడట. ఎంతసేపు అలా చూస్తూ నిలబడ్డారో తెలియదట. చూపు తిప్పితే పోతావేమోనని భయమేసింది అన్నారు.

నేను వింటూ కూర్చున్నాను. నన్ను చూసి ఆయన అంత ఏడ్చిన ఆ వేళకు నేను గుణదలలో, మా ముందు గదిలో, రాని ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది ఎవరో, ఎవరు పంపితే వెళ్ళిందో నాకు తెలియదు. దేవుడు చేశాడనడానికి నాకు భయం లేదు, ఎలా చేశాడని అడగను కూడా. మా ఆయన్ని బతికించి నాకు తెచ్చిచ్చింది, ఆ రుణం తీరేది కాదు. కానీ నాలుగేళ్ళు నేను ఎదురుచూసిన ఆ మొదటి చూపు, ఆయన నాకే ఇచ్చానని అనుకుంటున్నారు. అది మాత్రం నాకు అందలేదు.